పూజలో పెట్టిన తుపాకీ

తుపాకీ చేతికి తీసుకున్న ప్రతిసారీ సన్యాసి ముందు దాన్ని మధ్యకు విరుస్తాడు. గొట్టంలోకి చూస్తాడు. ఖాళీగా ఉందని కనబడుతుంది. అయినా తూటా పెట్టే చోట కుడిచేతి బొటనవేలు దూర్చి, ఇనుము చుట్టూ ఒకసారి తిప్పుతాడు. ఆ తర్వాతే భుజానికి ఎత్తుతాడు, లేదా గోడకు ఆనిస్తాడు.

అది ఒంటిగొట్టం తుపాకీ. మలయు భాషలో దాన్ని విరిగే తుపాకీ అనే అంటారు. మలేసియాలోని బటాంగ్ బెర్జుంటై చుట్టుపక్కల అడవిని ఆనుకుని పామాయిల్ తోటలున్న వాళ్ళలో కొద్దిమందికే పోలీసులు దానికి లైసెన్సు ఇస్తారు. అదీ అడవిపందుల కోసం. లేత మొక్కల మొదళ్ళలోని గుజ్జంటే పందులకు ఇష్టం. ఒక్క గుంపు పడితే చాలు, తెల్లారేసరికి వరస మొత్తం వేళ్ళు పైకి పెట్టి పడి ఉంటుంది. సన్యాసికి ఉన్నది చిన్న తోట. పొరుగు తోటలకు కూడా ఆయనే కాపలా. పందిని కొడతాడు, మాంసం ముట్టడు. చీనా వ్యాపారి వ్యాను తెచ్చుకుని తీసుకెళ్తాడు.

పక్క తోట రాజన్ ఆ వేలిని చూసి, అక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి నవ్వేవాడు.

"ఆ యేలు ఒకనాడు అందులోనే ఇరుక్కుంటాది లా, సన్యాసీ. తుపాకీతో పాటు నిన్ను కూడా ఆస్పత్రికి మోసుకెళ్ళాల."

"మోద్దువులే," అనేవాడు సన్యాసి. "నీకు మాత్రం పనేటుంది."

రబ్బరు ఎస్టేటు రోజుల్లో సన్యాసి చిన్నాన్నకు ఒక తుపాకీ ఉండేది. ఆయన ఒక సాయంత్రం మసక వెలుతురులో గొట్టంలోకి చూసి, ఏమీ లేదనుకుని మూశాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఒక కాలి పాదం లేకుండా కర్ర పట్టుకుని నడిచాడు. ఎవరు అడిగినా కోపం లేకుండా ఒకే మాట చెప్పేవాడు. సూసినాను, కాళీయే. సన్యాసి ఆ మాట వింటూ పెరిగాడు. కళ్ళను నమ్మడం అప్పుడే మానేశాడు.

ఇంట్లో తుపాకీకి ఇనప బీరువా ఉంది. దాన్ని గోడకు మరలతో బిగించాడు. దాని తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది. తూటాలు వేరే గదిలో, వేరే పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె తాళంచెవి ఎక్కడుంటుందో భార్య నాగవల్లికి కూడా తెలియదు. "నా బంగారానికి బిస్కెట్ల డబ్బా, ఆ ఇనుముకి ఇనప బీరువా," అనేది ఆవిడ వచ్చిన చుట్టాలతో. సన్యాసి ఆ మాటకు ఎప్పుడూ నవ్వేవాడు, కానీ బీరువా మార్చలేదు. లైసెన్సు మళ్ళీ ఇచ్చే ముందు ఏటేటా ఇల్లు చూడడానికి వచ్చే సార్జెంటు కొంతకాలానికి బీరువా తెరిపించడం కూడా మానేశాడు. టీ తాగి, తుపాకీ ఎలా ఉంచుకోవాలో ఈ అంకుల్‌ని చూసి నేర్చుకోమని కొత్తవాళ్ళకు చెబుతుంటానని చెప్పి వెళ్ళేవాడు. తన తుపాకీ మీద ఇంకొకరి చెయ్యి పడలేదన్నదే సన్యాసి ఎవరితోనూ అనకుండా దాచుకున్న గర్వం.

కాపలా రాత్రులు పోగా, ఏడాదిలో ఒక్క రాత్రి మాత్రం ఆ తుపాకీ ఆయన చేతిలో లేకుండా బీరువా బయట ఉండేది.

ఆయుధ పూజ నాడు ఇంట్లో పనిముట్లన్నీ కడిగి అమ్మవారి పటం ముందు పెడతారు. గెలలు కోసే పొడవాటి కొడవలి, కత్తి, మోటారు సైకిలు తాళంచెవి, కూతురు యోగేశ్వరి పుస్తకాలు. ఆ పిల్ల కాలేజీకి వెళ్ళాక లాప్‌టాప్ కూడా అక్కడే చేరింది. సన్యాసి తుపాకీని విరిచి, బొటనవేలితో చూసి, అలా విరిచిన పళంగానే పీట మీద పడుకోబెట్టేవాడు. గొట్టానికి కుంకుమ బొట్టు పెట్టి, తూటా పెట్టే చోట బంతిపువ్వు ఉంచేవాడు. తూటాలను పూజలో పెట్టేవాడు కాదు. పూజలో పెట్టినవాటిని దశమి పొద్దున హారతి ఇచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. ఆయన తండ్రి ముట్టలేదు, తాత ముట్టలేదు. అమ్మవారి ముందున్న వస్తువుకు అమ్మవారే తాళం. బీరువా కన్నా ఆ తాళం గట్టిదని సన్యాసి నమ్మకం. ఆ రాత్రి ఆయన నిశ్చింతగా పడుకునేవాడు.

యోగేశ్వరి సైబర్‌జయ పట్నంలో కంప్యూటర్ చదువు చదువుతోంది. అపార్టుమెంటులో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఉంటుంది. వాళ్ళలో అంబిగ అనే తమిళ అమ్మాయి ఆమెకు బాగా దగ్గర. అంబిగ కొన్నాళ్ళు కవిరాజ్ అనే అబ్బాయితో తిరిగింది, తర్వాత వద్దనుకుంది. అతను వద్దనుకోలేదు. మెట్ల దగ్గర నిలబడేవాడు. కాలేజీ బస్సు వెనకాలే కారులో వచ్చేవాడు. ఒకరోజు అమ్మాయిలు తిరిగి వచ్చేసరికి హాల్లో కూర్చుని టీవీ చూస్తున్నాడు. స్నేహంగా ఉన్న రోజుల్లో అంబిగే అతనికి తాళంచెవి ఇచ్చింది. అడిగితే పోయిందన్నాడు. పోలేదు.

అమ్మాయిలు పోలీసుల దగ్గరికి వెళ్ళారు. అతను ఇప్పటిదాకా ఎవరినీ ఏమీ చేయలేదు కదా అన్నారు వాళ్ళు. తాళం మార్చమని ఇంటి యజమానిని అడిగారు. చూద్దాం అన్నాడు.

యోగేశ్వరి తండ్రికి ఫోన్ చేసి చెప్పింది. ఆమెకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం తక్కువ. భయం వేసినప్పుడు తమిళమూ ఇంగ్లీషూ కలిసిపోతాయి. సన్యాసి అంతా విన్నాడు. ఒంటరిగా కిందికి దిగవద్దన్నాడు. గేటు దగ్గరి కాపలావాడికి అతని ఫోటో చూపించమన్నాడు. ముగ్గురిలో ఎవరు ఎప్పుడు బయట ఉంటారో ముగ్గురికీ తెలిసి ఉండాలన్నాడు. లోపలివైపు ఒక గడియ బిగిస్తే బయట ఎన్ని తాళంచెవులున్నా ఫరవాలేదనీ, తానే వచ్చి బిగిస్తాననీ చెప్పాడు. బజారుకు వెళ్ళి బరువైన స్టీలు గడియ ఒకటి కొన్నాడు కూడా. ఆ వారం పందులు పడ్డాయి. తర్వాతి వారం గెలలు కోసే మనుషులు వచ్చారు. గడియ ఉన్న సంచి వంటింటి గోడకు మేకు మీద వేలాడుతూ ఉండిపోయింది. యోగేశ్వరి రెండుసార్లు గుర్తు చేసింది. మూడోసారి ఫోన్‌లో దాని ఊసెత్తలేదు. సన్యాసి అది గమనించలేదు.

నవమికి యోగేశ్వరి అంబిగను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం సన్యాసి వాకిట్లో కూర్చుని తుపాకీకి నూనె రాస్తుంటే ఇద్దరూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. అంబిగ ఒక్కసారి పట్టుకుని చూడొచ్చా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. తమిళంలోనే నెమ్మదిగా చెప్పాడు, ఈ ఇంట్లో తన భార్య కూడా దీన్ని పట్టుకోలేదని, లైసెన్సు ఒక మనిషికి ఇస్తారుగానీ ఇంటికి ఇవ్వరని, ఇంకొకరి చేతిలో కనబడితే ఇద్దరికీ జైలేనని. తర్వాత, ఆ పిల్ల మొహం చూసి కాబోలు, ఇంకా చెప్పాడు. తుపాకీ ఉన్న ఇంట్లో నలుగురు ఉంటే భయపడాల్సింది బయటివాడి గురించి కాదు, ఆ నలుగురి గురించి. తుపాకీ ఎదటివాడిని ఆపుతుందని అందరూ అనుకుంటారు. అదుందని తెలిసిన రోజున ఎదటివాడు ఇంకొకటి ఆలోచిస్తాడు. అందుకే తనకు పందుల ముందు తప్ప ఎక్కడా దాన్ని చూపించడం ఇష్టం లేదన్నాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలిసి ఉండడమే భద్రమన్నాడు. అంబిగ తలవంచుకుంది. ఆమెకు తగిలేలా ఆ మాట అనాలని ఆయన అనుకోలేదు.

అప్పుడు యోగేశ్వరి తెలుగులో అడిగింది.

"పూజలో పెట్టినాక నువ్వు కూడా టచ్ సెయ్యవా, నాన్నా?"

"సెయ్యను, తల్లీ."

"రాత్రి లేసి సూడవా?"

"ఎందుకు సూడ్డం? అమ్మోరు సూస్తాది గదా. రేపు పొద్దున్న దాకా నాను అటేపు పోను."

కూతురు నోట అంత తెలుగు విని చాలా రోజులైంది. పైగా పూజ గురించి అడిగింది. సన్యాసికి ఆ సాయంత్రమంతా సంతోషంగా ఉంది. రాజన్ కనబడితే చెప్పాడు కూడా, పిల్ల ఇన్నాళ్ళకి మన ఆచారం అడుగుతోందని.

మరునాడు హారతి ఇచ్చాక తుపాకీ తీసుకున్నాడు. విరిచే ఉంది. బంతిపువ్వు ఉన్నచోటే ఉంది. బొటనవేలు పెట్టి తిప్పాడు, ఖాళీ. గొట్టం మీది కుంకుమ బొట్టు తాను పెట్టినదానికన్నా కొంచెం పెద్దగా ఉన్నట్టు అనిపించింది. నూనె మీద కుంకుమ పాకి ఉంటుందనుకున్నాడు. బీరువాలో పెట్టి తాళం వేశాడు. అమ్మాయిలు మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయారు.

తర్వాతి ఫోన్లలో యోగేశ్వరి గొంతు తేలికపడింది. కవిరాజ్ రావడం మానేశాడని చెప్పింది. కాపలావాడికి ఫోటో చూపించడం పనిచేసిందని సన్యాసి అనుకున్నాడు. గడియ సంచి మేకు మీదే ఉంది.

దీపావళి వెళ్ళాక ఒకరోజు పొద్దున సార్జెంటు ఫోన్ చేశాడు. తుపాకీ తీసుకుని స్టేషనుకు రమ్మన్నాడు. గొంతులో ఎప్పటి చనువు లేదు.

సన్యాసి బీరువా తెరిచి, విరిచి, వేలు పెట్టి చూసి, గుడ్డ సంచిలో చుట్టి తీసుకెళ్ళాడు. సార్జెంటు కూర్చోమన్నాడు. తన ఫోన్ బల్ల మీద పెట్టి ఆయనవైపు తిప్పాడు.

ఫోటోలో యోగేశ్వరి ఉంది. చేతుల్లో తుపాకీ ఉంది. విరిచి లేదు, మూసి ఉంది. గొట్టం ఫోటో చూసేవాడి మొహానికి సూటిగా ఉంది. వేలు ట్రిగ్గరు మీద ఉంది. పక్కన అంబిగ, ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. వెనకాల అమ్మవారి పటం, దాని ముందు వెలుగుతున్న దీపం. ఆ దీపంలో నూనె పోసింది తానే. కింద మలయులో ఒక్క వాక్యం ఉంది. ఇంకోసారి వస్తే ఇదే.

అమ్మాయిలు తనకు పంపిన ఆ ఫోటోను కవిరాజ్ దాచుకున్నాడట. కొన్నాళ్ళు నిజంగానే భయపడ్డాడట. తర్వాత ఎవరో స్నేహితుడు, నువ్వెందుకు భయపడడం, భయపడాల్సింది వాళ్ళు కదా అన్నాడట. తుపాకీతో చంపుతామని బెదిరించారని ఫిర్యాదు రాయించాడు.

సన్యాసి ఫోన్‌ను దగ్గరికి లాక్కున్నాడు. మొదట ఆ వేలిని చూశాడు. ట్రిగ్గరు మీద పెట్టిన వేలు. తర్వాత ఆ మధ్యాహ్నం అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. రాత్రి లేసి సూడవా. ఆచారం తెలుసుకోవాలని అడగలేదు. తాను లేవనని రూఢి చేసుకోవాలని అడిగింది. ఇన్నాళ్ళకు తెలుగు మాట్లాడింది అందుకు.

సార్జెంటు ఇంకో ప్రశ్న వేసేదాకా ఆయనకు అంతే తోచింది.

"ఇది ఎవరు తీశారు?" అన్నాడు సార్జెంటు.

అమ్మాయిలిద్దరూ ఫోటోలోనే ఉన్నారు. నాలుగు చేతులూ కనబడుతున్నాయి. ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది నలుగురు. నాలుగోవాడు తాను, లోపల గదిలో నిద్రపోతున్నాడు.

కుంకుమ బొట్టు కొంచెం పెద్దది కావడం అప్పుడు గుర్తొచ్చింది. తుపాకీని మళ్ళీ విరిచి, పువ్వును సరిగ్గా ఉన్నచోటే పెట్టడం ఆ పిల్లలకు తెలియదు. తాను ఎలా పెడతాడో ఏటేటా పక్కన నిలబడి చూసిన మనిషికే తెలుసు.

సార్జెంటు ఎదురుచూశాడు. అమ్మాయి తనకు తెలియకుండా తీసిందని చెబితే లైసెన్సు సంగతి పైవాళ్ళతో మాట్లాడతాననీ, అయితే అమ్మాయి మీదా, ఫోటో తీసినవాళ్ళ మీదా కేసు తప్పదనీ అన్నాడు. ఆమె చదువు సంగతి తాను చెప్పలేనన్నాడు. ఆయన గొంతు కఠినంగా లేదు.

సన్యాసి జీవితంలో పోలీసులకు అబద్ధం చెప్పలేదు. ఎవరికీ పెద్దగా చెప్పలేదు. అవసరం రాలేదు.

"నేనే ఇచ్చాను," అన్నాడు మలయులో. "ఫోటో కూడా నేనే తీశాను. పండగ సరదా. కింద రాసింది పిల్లల తెలివితక్కువతనం."

సార్జెంటు చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత రాసుకున్నాడు. లైసెన్సు పోతుందనీ, తుపాకీ ఇక్కడే ఉంటుందనీ, పై అధికారులు సన్యాసి మీద ఏం పెడతారో ఇంకా తెలియదనీ చెప్పాడు. అమ్మాయిని పిలిచి మందలిస్తారు, కేసు రాకుండా చూస్తానన్నాడు. సంతకం పెట్టాక సన్యాసి తుపాకీని బల్ల మీదికి జరిపాడు. జరపబోయే ముందు అలవాటుగా బొటనవేలు దాని దగ్గరికి వెళ్ళింది. సార్జెంటు మొహం పక్కకు తిప్పుకున్నాడు. సన్యాసి వేలు వెనక్కి తీసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి నాగవల్లి గిన్నెలు తోముతోంది. ఖాళీ సంచి చూసింది. ఏమీ అడగలేదు. దానితో ఆయనకు మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

"పోటో నువ్వే తీసినావా?"

ఆవిడ చేతులు ఆగలేదు. "నానే."

"కుంకం కూడా నువ్వే దిద్దినావు."

"సెరిగిపోనాది. మరి దిద్దొద్దా?"

సన్యాసి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. తనను అడిగితే పోయేది కదా అన్నాడు. నాగవల్లి నీళ్ళు కట్టేసింది. చేతులు చీరకు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. ఆవిడ మొహంలో తప్పు చేసిన బెదురు లేదు. అదే ఆయనకు ఎక్కువ కష్టంగా ఉంది.

"అడిగితే ఏటనేవోడివి?"

ఆయన చేతిలోని గుడ్డ సంచి మడిచాడు.

"అడిగింది లా, పిల్ల. గెడ పెట్టమని ఎన్నిపాళ్ళు అడిగింది? నీ తోట, నీ పందులు. ఆడు ఇంట్లో కూకుని టీవీ సూస్తన్నాడంటే నాకు కూడు దిగలేదు. నీకు దిగింది." గోడ మీది సంచి వైపు చూపించింది. "నువ్వు తుపాకీని సూసుకున్నావు. నాను పిల్లని సూసుకున్నాను."

"అమ్మోరి ముందు," అన్నాడు సన్యాసి.

"అమ్మోరికి కూడా ఆడపిల్ల గోడు తెలుసు."

అమ్మవారి ముందు వస్తువు అని కాదు, అమ్మవారి ముందు తనను మోసం చేశారని ఆయన అనబోయాడు. మాట పూర్తి చేయలేదు. అన్నేళ్ళు కాపాడుకున్నది ఇనుము కాదని, ఆ ఒక్క రాత్రి తాళం లేకుండా పడుకోగలగడమని ఆవిడకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ నిద్రను ఆసరా చేసుకునే వాళ్ళు ముగ్గురూ పని కానిచ్చుకున్నారు. తాను గట్టిగా నిద్రపోవడమే వాళ్ళకు కావలసి వచ్చింది.

సాయంత్రం యోగేశ్వరి ఫోన్ చేసింది. నాగవల్లి ఫోన్ తెచ్చి ఆయన ముందు పట్టుకుంది. అందులోంచి ఏడుపు వినబడుతోంది. సన్యాసి తీసుకోలేదు. మొలతాడుకున్న తాళంచెవి విప్పి, ఖాళీ బీరువా తెరిచి, లోపల పెట్టి, తలుపు ఊరికే దగ్గరికి వేశాడు. తూటాల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అవి కూడా స్టేషనులో ఇచ్చేయాలి. దాని తాళంచెవి ఎక్కడ దాచాడో ఆ రాత్రి మొదటిసారి నాగవల్లి చూసింది. అమ్మవారి పటం వెనక.

తెల్లారి మేకు మీది సంచి తీసుకున్నాడు. రాజన్ ఇంటికి వెళ్ళి డ్రిల్లు మిషను అడిగాడు. రాజన్‌కు అప్పటికే తెలిసింది. వేలు గురించి ఏమీ అనలేదు. మిషను తెచ్చి ఇచ్చాడు. సుంగై బూలో అనే ఊరి దాకా మోటారు సైకిలు మీద వెళ్ళి, అక్కడ రైలెక్కి సైబర్‌జయలో దిగాడు.

యోగేశ్వరి తలుపు తీసింది. వెనకాల అంబిగ నిలబడి, ఆయనను చూసి లోపలికి వెళ్ళిపోయింది. యోగేశ్వరి, నాన్నా అంది. తర్వాత ఏదో అనబోయింది, ఏ భాషలోనూ రాలేదు. సన్యాసి ఒక కుర్చీ అడిగాడు. తలుపుకు గడియ పెట్టి పెన్సిలుతో గుర్తులు గీశాడు. మరలు బిగించాడు. ద్వారబంధంలో గడియ దూరే రంధ్రం తొలిచాడు. దుమ్ము ఊదాడు. రంధ్రంలోకి చూశాడు. బొటనవేలు పట్టలేదు. చిటికెనవేలు పెట్టి, చుట్టూ ఒకసారి తిప్పాడు.

యోగేశ్వరి గ్లాసుతో నీళ్ళు తెచ్చి పట్టుకుని నిలబడింది. ఆయన మిషను సంచిలో పెట్టుకున్నాడు. గ్లాసు వైపు చూడలేదు. బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగాడు.

"ఏసుకో," అన్నాడు తలుపుతో.

లోపల గడియ జరిగిన చప్పుడు వినబడింది. అరచేత్తో తలుపును ఒకసారి గట్టిగా నెట్టి చూశాడు. కదల్లేదు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.